చదవడం కష్టమైన పిల్లవాడు కథానాయకుడైతే ముగింపు ఎలా ఉండాలి?

ప్రశ్న: బడిపంతులు

అందరికీ నమస్కారం. నేను ప్రాథమికోన్నత పాఠశాలలో తెలుగు బోధిస్తాను, తీరిక దొరికినప్పుడు పిల్లల కథలు రాస్తుంటాను. ప్రస్తుతం రాస్తున్న చిన్న నవలలో కథానాయకుడు డిస్లెక్సియా (తెలివి ఉన్నా అక్షరాలు చదవడంలో ఇబ్బంది) ఉన్న ఐదో తరగతి అబ్బాయి. ఒక్కసారి విన్న పాఠాన్ని తిరిగి చెప్పగలడు, లెక్కల మర్మం పట్టుకోగలడు, కాని పుస్తకం తెరిచి చదవమంటే ఒక్క వాక్యం దాటేసరికి చెమటలు పడతాయి.

చిత్తుప్రతి చదివిన మిత్రులు చివర్లో ఆ అబ్బాయికి ఏదైనా గొప్ప ప్రతిభ ఉన్నట్టు చూపించమని సలహా ఇచ్చారు. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ చిత్రంలో అదే ఇబ్బంది ఉన్న ఇషాన్ చిత్రలేఖనం పోటీలో గెలిచినట్టు, మావాడు కనీసం చదరంగంలోనైనా గెలవాలట. నాకు మనసొప్పడం లేదు. నా తరగతుల్లో ఇటువంటి ఇబ్బంది ఉన్న పిల్లలు ఎక్కువ మంది ఇతర విషయాల్లో అందరి లాంటివారే. బొమ్మలూ వేయలేని, ఆటల్లోనూ ముందుండని పిల్లవాడికి కథలో చోటు లేదా? ఇంకొక సందేహం కూడా ఉంది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇటువంటి పిల్లలు ‘బి’, ‘డి’ అక్షరాలను తారుమారు చేస్తారని రాస్తారు. తెలుగు చదివే పిల్లవాడి తడబాటును కాగితం మీద ఎలా చూపించాలి?

జవాబు: ప్రత్యేక ఉపాధ్యాయిని, సికింద్రాబాద్

పంతులుగారూ, ముందుగా మీ రెండో సందేహానికి జవాబు చెబుతాను, ఎందుకంటే చాలా తెలుగు కథలు తప్పటడుగు వేసేది అక్కడే. ‘బి’, ‘డి’ల తారుమారు ఇంగ్లీషు లిపికి సంబంధించిన సంగతి. మన లిపిలో అద్దంలో చూస్తే ఒకటి మరొకటిగా మారే జంటలు వెతికినా దొరకవు. మన పిల్లలు తడబడేది ‘ప’, ‘వ’, ‘మ’, ‘య’ వంటి పోలిక గల అక్షరాల దగ్గర, ‘ద’, ‘థ’, ‘ధ’ల దగ్గర, అన్నిటికంటే ఎక్కువగా ఒత్తుల దగ్గర.

‘శక్తి’ అనే మాటను నిదానంగా చూడండి. గుడి ‘క’ మీద ఉంటుంది, కాని పలికేటప్పుడు ఆ ఇకారం ‘త’ తర్వాత వస్తుంది. అంటే కంటికి కనబడే వరుస వేరు, నోటితో పలికే వరుస వేరు. అందుకే పిల్లవాడు ‘శకితి’ అనో, ఒత్తును వదిలేసి ‘శకి’ అనో చదువుతాడు. ‘స్త్రీ’ అనే మాటలో దీర్ఘం ‘స’ మీదే కూర్చుని ఉంటుంది, రెండు ఒత్తులు దాటితే గాని దాన్ని పలకకూడదు. ఒకసారి పెద్దల కళ్లతో కాక పిల్లవాడి కళ్లతో ఆ మాట చూస్తే, అతడు ఆగిపోవడంలో వింతేమీ కనబడదు.

అయితే తెలుగులో అక్షరానికీ ధ్వనికీ పొత్తు సూటిగా ఉంటుంది కాబట్టి, కొంతకాలం సాధన చేసిన పిల్లవాడు తప్పులు తగ్గించుకుని చదవగలుగుతాడు. మిగిలిపోయేది నెమ్మది. మొదటి పేరా బాగానే సాగుతుంది, మూడో పేరాకు అలసిపోయి ‘పాఠశాల’లో ‘పా’ మాత్రం చూసి ‘పాపం’ అని ఊహించేస్తాడు. మీరు చూపించవలసింది ఆ అలసటను. పేజీ నిండా తప్పుల మాటలు అచ్చు వేస్తే, మీ కథ ఎవరి గురించో వారే దాన్ని చదవలేరు.

ఇంకొక మాట: మీ కథ ఏ కాలంలో జరుగుతోందో ముందే తేల్చుకోండి. డిస్లెక్సియా వంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను వికలాంగుల హక్కుల చట్టంలో చేర్చింది 2016లోనే. 1990ల నాటి కథ అయితే ఆ బడిలో ఎవరికీ ఆ పేరే తెలియకపోవడం సహజం. నేటి కథ అయితే పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి ఏర్పాట్లు, వాటి కోసం ధ్రువపత్రం పట్టుకుని తల్లిదండ్రులు తిరిగే తిరుగుళ్లు, అన్నీ కథలోకి వస్తాయి.

జవాబు: గుంటూరు పాఠకుడు

నేను ఆ అబ్బాయిలాగే పెరిగినవాడిని, కనుక ముగింపు గురించి చెప్పే హక్కు కొంత ఉందనుకుంటున్నాను. మన కథా సంప్రదాయంలో చదువు అబ్బని పిల్లవాడికి ఎప్పటినుంచో రెండే దారులు: పరమానందయ్య శిష్యుల్లా నలుగురినీ నవ్వించడం, లేదా పంచతంత్రంలో అమరశక్తి మహారాజు కొడుకుల్లా విష్ణుశర్మ చేతిలో పడి ఆరు నెలల్లో నీతికోవిదులు కావడం. మీ మిత్రులు అడుగుతున్నది ఆ రెండోదే, కాస్త రంగు మార్చారంతే. దానివల్ల నష్టం ఏమిటంటే, ఏ ప్రతిభా లేని పిల్లవాడు అది చదివి తనకు ఆ ఒక్క మన్నింపు కూడా దక్కదని అనుకుంటాడు.

తరగతిలో వరసగా ఒక్కొక్కరూ ఒక్కో పేరా చదవాలంటే నేను ముందున్నవాళ్లను లెక్కపెట్టి, నా వంతుకు ఏ పేరా వస్తుందో చూసుకుని, దాన్ని పక్కవాడి చేత గుసగుసగా చదివించుకుని కంఠస్థం చేసేవాణ్ణి. ఎవరైనా ఆరోజు బడికి రాలేదని మధ్యలో తెలిసి లెక్క తప్పిందంటే ఇక అంతే సంగతులు. ఆ లెక్కా, ఆ భయమూ, ఆ పక్కవాడి స్నేహమూ కథకు చాలవా? చదరంగం ఎందుకు?

అమెరికా నటుడు హెన్రీ వింక్లర్, లిన్ ఆలివర్‌తో కలిసి 2003 నుంచి రాసిన హ్యాంక్ జిప్జర్ పుస్తకాలు నాకు నచ్చడానికి కారణం ఇదే. తనకు డిస్లెక్సియా ఉందని వింక్లర్‌కు తెలిసింది 31వ ఏట. ఆయన కథానాయకుడు హ్యాంక్‌కు ఆ ఇబ్బంది ఏ పుస్తకంలోనూ నయమైపోదు, వాడు అల్లరి చేస్తూ, తప్పించుకుంటూ, మళ్లీ చిక్కుల్లో పడుతూనే ఉంటాడు.

జవాబు: గ్రంథాలయ ఉద్యోగిని, బర్మింగ్‌హామ్

పై మిత్రుడి మాటతో పూర్తిగా ఏకీభవించలేను. రచయిత రిక్ రియోర్డాన్ డిస్లెక్సియా, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతిచురుకుదనం) ఉన్న తన కుమారుడికి నిద్రపోయే ముందు చెప్పిన కథల్లోంచి పుట్టినవాడు పెర్సీ జాక్సన్. వాడి మెదడు ప్రాచీన గ్రీకు చదవడానికే అమరి ఉంది కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు ఈదుతాయని ఆయన రాశాడు. అది అబద్ధమని పిల్లలకూ తెలుసు. అయినా తమలాంటివాడు వీరుడైన కథ వినే హక్కు వాళ్లకుంది. నా అభ్యంతరం ప్రతిభ మీద కాదు, ఆ ప్రతిభను చూశాకే పెద్దలు పిల్లవాణ్ణి ప్రేమించడం మీద. చదరంగంలో గెలవనివ్వండి, కాని అంతకుముందు అధ్యాయంలోనే తండ్రి మెత్తబడాలి.

వయసు కాస్త పెద్దదైన పాఠకుల విషయంలో శాలీ గార్డ్‌నర్ నవల ‘మ్యాగట్ మూన్’ చూడండి. రచయిత్రికి స్వయంగా తీవ్రమైన డిస్లెక్సియా ఉంది. చదవడం, రాయడం రాని స్టాండిష్ ఒక నియంత పాలనలో బతుకుతాడు, కథ ఆ పాలన గురించే నడుస్తుంది. ఆ పుస్తకానికి 2013లో బ్రిటన్‌లో బాలసాహిత్యానికి ఇచ్చే కార్నెగీ పతకం వచ్చింది.

అచ్చు గురించి కూడా ఒక మాట. ఎడిన్‌బరోలో 1998లో మొదలైన బ్యారింగ్టన్ స్టోక్ అనే ప్రచురణ సంస్థ చదవడానికి కష్టపడే పిల్లల కోసం లేత పసుపు కాగితం మీద, వరుసల మధ్య ఎడం పెంచి, చిన్న అధ్యాయాలతో పుస్తకాలు వేస్తుంది. ప్రత్యేకమైన ఫాంట్ల మీద ఆశ పెట్టుకోకండి, ఎడమే ఎక్కువ సాయపడుతుంది. తెలుగులో ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతుంటాయి కాబట్టి మనకు అది మరీ అవసరం.

బడిపంతులు

ముగ్గురికీ కృతజ్ఞతలు. కథను నేటి కాలంలోనే ఉంచి, చదరంగం పోటీని పూర్తిగా తీసేసి, పేరాల లెక్కను మూడో అధ్యాయంలోకి తెస్తాను, గుంటూరు మిత్రుడు అనుమతిస్తేనే సుమా. తండ్రి మెత్తబడే ఘట్టం మాత్రం నా చిత్తుప్రతిలో లేనే లేదు, దాన్ని ధ్రువపత్రం కోసం ఆసుపత్రి వరండాలో ఎదురుచూసే చోట పెట్టవచ్చనిపిస్తోంది. ఉపాధ్యాయినిగారూ, పదేళ్ల పిల్లల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టే ఒత్తు మాటలు మరికొన్ని ఉంటే ఇక్కడే రాయగలరా? వాటిని కథనంలో వీలైనంత తగ్గించి, సంభాషణల్లో అవసరమైన చోట మాత్రమే వాడాలని ఉంది.