చిన్న కారుకి ఐదు స్టార్లు ఉంటే హైవే మీద సరిపోతాయా?

నాన్నగారి కోసం కారు చూస్తున్నామండీ. ఆయనకి 63 ఏళ్లు, షుగర్ ఉంది. హైదరాబాద్–విజయవాడ హైవే మీద ఎక్కువగా రాత్రిపూటే నడుపుతారు. ఎదురు బండి హైబీమ్ కళ్లలో పడితే కాసేపు రోడ్డే కనపడట్లేదని ఈమధ్య ఆయనే అంటున్నారు.

బడ్జెట్‌లో రెండున్నాయి. ఒకటి భారత్ ఎన్‌క్యాప్‌లో (కార్లని గుద్దించి చూసి భద్రతకి స్టార్లిచ్చే మన దేశపు టెస్టు) ఐదు స్టార్లు వచ్చిన కొత్త చిన్న కారు. రెండోది సెకండ్ హ్యాండ్ పెద్ద ఎస్‌యూవీ. బరువైన బండే, కానీ ముందు రెండే ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీ (బండి జారి అదుపు తప్పకుండా చూసే సిస్టమ్) లేదు.

ఆ టెస్టులో కారుని గంటకు 64 కి.మీ. వేగంతో అడ్డంకికి గుద్దిస్తారు. అంటే దాదాపు అంతే బరువున్న కారు ఎదురుగా గుద్దినట్టు. మరి ఎదురొచ్చేది ఇన్నోవా అయితే ఆ స్టార్ల విలువెంత? (ఆగి ఉన్న లారీ కిందకి దూరితే ఏ బండైనా ఒకటేలెండి.) ఎత్తు బండి సడన్‌గా తిప్పితే పల్టీ కొడుతుందని ఇంకో టెన్షన్.

ఇంట్లో పెద్దవాళ్లు నడిపేవాళ్లు దేనికి మొగ్గారు? బండి సైజు కన్నా రాత్రి డ్రైవింగ్ మానిపించడమే ముఖ్యమని తమ్ముడి వాదన. నాకూ అదే నిజమనిపిస్తోంది. ఎలా మానిపించాలో కూడా చెప్పండి, నా మాటైతే వినరు.