డీఎన్‌ఏ సెన్సార్: 1 నానోమోలార్ కింద సిగ్నలే రావట్లేదు

గోల్డ్‌చిప్:
నమస్తే అందరికీ. స్క్రీన్ ప్రింటెడ్ గోల్డ్ ఎలక్ట్రోడ్ మీద థయాల్ (బంగారానికి అతుక్కునే సల్ఫర్ గుంపు) ఉన్న 20 బేసుల డీఎన్‌ఏ ప్రోబ్ (టార్గెట్ డీఎన్‌ఏని పట్టుకునే పోగు) ఎక్కించి, ఖాళీల్లో మెర్కాప్టోహెక్సనాల్ నింపి, ఫెర్రి/ఫెర్రోసయనైడ్‌లో ఇంపెడెన్స్ (ఏసీ కరెంటుకి ఎదురయ్యే అడ్డు) చూస్తున్నాను. టార్గెట్ 10 నానోమోలార్ ఉంటే ఆర్‌సీటీ (ఎలక్ట్రోడ్ దగ్గర ఎలక్ట్రాన్లు దాటడానికి ఉండే రెసిస్టెన్స్) బాగానే పెరుగుతోంది, 1 కంటే తగ్గితే మాత్రం బ్లాంక్‌కీ (టార్గెట్ లేనిది) దానికీ తేడా తెలియట్లేదు. డిబై లెంగ్త్ (ద్రావణంలో చార్జ్ ప్రభావం ఎంత దూరం కనిపిస్తుందో అది, ఉప్పు తగ్గితే పెరుగుతుంది) పెంచుదామని పీబీఎస్‌ని (ఫాస్ఫేట్ ఉప్పు బఫర్) పది రెట్లు పలచన చేశాను, ఒరిగిందేమీ లేదు. గైడ్ గారేమో నానోపార్టికల్స్ వేయమంటున్నారు. వేరే దారి లేదా?

ఉప్పునీళ్లు:
నానోపార్టికల్స్ జోలికి ఇప్పుడే పోకండి. రెడాక్స్ కపుల్ (ఆ ఫెర్రి/ఫెర్రోసయనైడ్ జంట) ఎంత వేస్తున్నారు? అందరిలాగే 5, 5 మిల్లీమోలార్ అయితే అసలు తిరకాసు అక్కడే ఉంది. అయానిక్ స్ట్రెంత్ (ద్రావణంలో అయాన్ల మొత్తం బలం) లెక్కలో చార్జిని వర్గం చేస్తాం కదా, ఫెర్రిసయనైడ్ వల్ల 30, ఫెర్రోసయనైడ్ వల్ల 50, మొత్తం 80 మిల్లీమోలార్ దాని వాటాయే. ఇక పీబీఎస్‌లో ఎన్ని నీళ్లు పోసినా డిబై లెంగ్త్ 1 నానోమీటర్ దగ్గరే ఉండిపోతుంది. రెండూ 1 మిల్లీమోలార్‌కి దించి చూడండి, అదే పలచన పీబీఎస్‌లో డిబై లెంగ్త్ 1.7 నానోమీటర్ల దాకా వస్తుంది.

పాతకాపు:
లెక్క కరెక్టే గానీ ఒక మాట. డీఎన్‌ఏ పోగులు రెండూ నెగటివ్, ఉప్పు తక్కువైతే అవి సరిగ్గా జతకట్టవు. అందుకని హైబ్రిడైజేషన్ (ఆ జతకట్టడం) ఉప్పు ఎక్కువున్న బఫర్‌లో కానిచ్చి, కొలత మాత్రం పలచని దాంట్లో తీసుకోండి, బ్లాంక్ కూడా అందులోనే. ప్రోబ్ ఎంత దట్టంగా ఎక్కిందో కూడా చూసుకోండి, పండగ ముందు రోజు బస్సులా కిక్కిరిసి ఉంటే టార్గెట్ లోపలికి దూరేదెలా? ఫెర్రి/ఫెర్రో ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకుని వెలుతురు తగలకుండా పెట్టండి, సయనైడ్ విడుదలైతే బంగారాన్ని తినేస్తుంది, బ్లాంకే జరిగిపోతూ ఉంటుంది.

మైక్రోలీటర్:
డబ్బుంటే పీఎన్‌ఏ (డీఎన్‌ఏ లాంటి కృత్రిమ అణువు) ప్రోబ్. వెన్నెముకకి చార్జే లేదు కాబట్టి తక్కువ ఉప్పులోనూ టార్గెట్‌ని పట్టుకుంటుంది, కనిపించే నెగటివ్ చార్జ్ అంతా దాదాపు టార్గెట్‌దే. ధర చూస్తే మాత్రం గుండె గుభేల్‌మంటుంది.

గోల్డ్‌చిప్:
అవునండీ, 5, 5 ఏ వేస్తున్నాను. 1కి దించితే బ్లాంక్ ఆర్‌సీటీ కూడా పెరిగిపోదా?

ఉప్పునీళ్లు:
పెరుగుతుంది, సుమారు ఐదు రెట్లు. ఓమ్స్‌లో కాకుండా బ్లాంక్ మీద ఎంత శాతం మారిందో ప్లాట్ చేయండి.