ఫోన్ కెమెరాతో గొర్రె బరువు: నమ్మి బేరం చేయొచ్చా?

యాప్_హైదరాబాద్: గొర్రె పక్కన మీటరు కర్ర పెట్టి, పక్క నుంచి ఒక ఫోటో, పై నుంచి ఒక ఫోటో తీయాలి. కర్రను బట్టి మా యాప్ ఒంటి పొడవు, ఎత్తు, వెడల్పు కొలిచి బరువు చెబుతుంది. సంతలో కంటి అంచనాతో నష్టపోయే బదులు ఇది వాడితే తప్పేంటి? జీవాలు కాసేవాళ్ళు చెప్పండి.

పాలమూరు_గొల్ల: మా దిక్కు దక్కనీ గొర్లు. బొచ్చు మీదున్నప్పుడు ఒక తీరు, కత్తిరించినంక ఒక తీరు కనిపిస్తయి. బొచ్చేదో కండేదో నీ ఫోటోకు ఎట్ల ఎరుకైతది? మేమైతే నడుం మీద చెయ్యి పెట్టి వెన్నెముక తడుముతం. ఎముక మొన వేలికి గుచ్చుకుంటే కండ లేనట్టు.

పశువైద్యం_ప్రకాశం: తడిమితే తెలిసేది ఒంటి పుష్టి, కిలోలు కాదండీ. కిలోలకు టేపు ఉంది. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి, 660తో భాగించాలి. చుట్టు 30, పొడవు 26 అయితే 35 కిలోల పైచిలుకు. అదే చుట్టు 31 అని పడితే దాదాపు 38. ఒక్క అంగుళం పొరపాటుకు రెండున్నర కిలోలు! ఫోటోకు ఆ చుట్టుకొలత కనపడదు, ఊహించుకోవాల్సిందే.

యాప్_హైదరాబాద్: మాకు చుట్టుకొలతతో పని లేదు డాక్టర్ గారూ. కాటా మీద తూచిన గొర్రెల ఫోటోలు చూపించి నేర్పించాం. ఎక్కువగా నెల్లూరు జాతివి.

పాలమూరు_గొల్ల: నెల్లూరు గొర్రె దేశంలనే పొడుగాటిది, కాళ్ళు పొడుగు, ఒంటి మీద ఉన్ని ఉండది. దాన్ని చూసి నేర్చినది మా దక్కనీని ఎట్ల తూస్తది?

కావలి_రైతు: చూడి గొర్రె పొట్టను కూడా కండ కింద లెక్కేస్తుందా?

పశువైద్యం_ప్రకాశం: అందుకే అంటున్నాను, ఛాతీ చుట్టుకొలత లేకుండా...

సంత_చూసినోడు: సంతకు తెచ్చే ముందు మూడు లీటర్ల నీళ్ళు తాగిస్తే మూడు కిలోలు పెరిగినట్టే. దాన్ని కాటా కూడా పట్టలేదు.

యాప్_హైదరాబాద్: అన్నిటికీ వంకలు పెడితే ఎలా? తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చేసే బేరం కన్నా ఇది నయం కాదా? చదువుకున్నవాళ్ళు కూడా పాతదే పట్టుకుని కూర్చుంటే ఇక మారేదెప్పుడు?

పాలమూరు_గొల్ల: తమ్మీ, వంకలు కాదు. పోయిన దసరా ముందు మా నాయిన 12 పొట్టేళ్ళు అమ్మిండు. కొనెటాయన ఫోన్ల ఫోటోలు తీసి, ఒక్కోటి 28, 29 కిలోలని చూపించిండు. "మిషిన్ చెప్తుంది పెద్దాయనా" అన్నడు. మా నాయినకు అనుమానమొచ్చి, ఆఖరి దాన్ని వడ్ల కాటా మీదికి ఎక్కిస్తే 33 వచ్చింది. అప్పటికే పదకొండు బండెక్కినయి, పైసలు చేతుల పడ్డయి. అదే కంటి అంచనా అయితే మా నాయిన కొట్లాడెటోడు. 40 ఏండ్ల సంది కొట్లాడిండు. ఫోన్ల అంకె చూసి నోరు మూసుకున్నడు. నాకు మండేది గిదే.

యాప్_హైదరాబాద్: అది మా యాప్ కాదు. మాది ఇంకా సంతకే రాలేదు.

పశువైద్యం_ప్రకాశం: నాకు ధరతో సంబంధం లేదు, మందు మోతాదు కావాలి. నట్టల మందు అల్బెండజోల్ 2.5 శాతం ద్రావణం కిలోకు 7.5 మిల్లీగ్రాముల లెక్కన 10 కిలోలకు 3 మి.లీ. 40 కిలోల గొర్రెను 30 అనుకుంటే 12 పోయాల్సిన చోట 9 పోస్తాం. చావని పురుగులు మందుకు మొండికేస్తాయి. మందలో అన్నిటికన్నా బరువైనదాన్ని చూసి పోయమనేది అందుకే.

పాలమూరు_గొల్ల: డాక్టర్ సారూ, మందుకైతే మీ టేపు మంచిదే, నేను కాదనను. యాప్ తమ్మిని ఒక్కటే అడుగుత. ఆ అంకె ముందు ఎవరి ఫోన్ల కనిపిస్తది?

యాప్_హైదరాబాద్: కొనేవాళ్ళ ఫోన్లో. డబ్బు కట్టేది వాళ్ళే. కాపరుల దగ్గర పైసా తీసుకోకూడదనే అలా పెట్టాం.

కావలి_రైతు: ఇది మొదటి మాటలోనే చెప్పాల్సింది.

పాలమూరు_గొల్ల: మా నాయిన దగ్గర బటన్ల ఫోనే ఉంది. మా వాడల పది ఇండ్లోళ్ళం కలిసి వేలాడే కాటా కొంటున్నం.

యాప్_హైదరాబాద్: అమ్మేవాళ్ళకు మెసేజ్ పోయేలా మారుస్తాను. 28 అని ఒకే అంకె కాకుండా, 26 నుంచి 32 మధ్య అని చూపిస్తాను.

పాలమూరు_గొల్ల: నడుమల ఆరు కిలోలు. కిలో 400 అనుకుంటే 2400 రూపాయలు. అవి ఎవరియి?

యాప్_హైదరాబాద్: దానికి నా దగ్గర జవాబు లేదన్నా. కాటా లేకుండా ఈ అంకె మీద బేరం తెగ్గొట్టొద్దని యాప్‌లోనే రాస్తాను. కొనేవాళ్ళు ఒప్పుకుంటారని మాత్రం మాట ఇవ్వలేను.