చదరంగంలో ఓపెనింగ్‌ని, అంటే ఆట మొదట్లో పావులు నడిపే పద్ధతిని, ఏమందాం? ఎత్తుగడ అంటే సరిపోదా?

మా వాడికి పదకొండేళ్లు. ఇక్కడ చెన్నైలో, పెరంబూరులో కోచింగ్‌కి వెళ్తాడు. ఈమధ్య నల్లపావులు వస్తే చాలు, డచ్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌లో స్టోన్‌వాల్ (రాతిగోడ) అనే అమరిక ఆడుతున్నాడు. మొన్న నెల్లూరు నుంచి వచ్చిన మా నాన్నగారు వాడితో ఆటకు కూర్చుని, "ఏందిరా, గోడ కట్టుకుని కూర్చున్నావు?" అన్నారు. "డిఫెన్స్ తాతా. అంటే రక్షణ" అన్నాడు వీడు. ఇంకో పది ఎత్తులకి తాత రాజు మూలన ఇరుక్కుపోయాడు. "రక్షణ అన్నావు కదరా!" అని ఆయన ఉక్రోషం.

ఆయన తప్పేం లేదు, మాటే మోసం చేసింది. సి6, డి5, ఇ6, ఎఫ్5 గళ్లలో (అక్షరం నిలువు వరస, అంకె అడ్డవరస) నాలుగు బంట్లు పెడితే అది చూడ్డానికి గోడే. కానీ దాని వెనకాల జరిగేది వేరు. గుర్రం ఇ4 గడిలోకి దూకుతుంది. ఎఫ్8లో ఉన్న ఏనుగు ఎఫ్6కి ఎక్కి, అక్కణ్ణుంచి పక్కకి జరిగి హెచ్6కి వస్తుంది. మంత్రి ఇ8 మీదుగా హెచ్5కి. మూడూ కలిసి తెల్లరాజు గుమ్మం ముందు నిలబడతాయి. దీన్ని రక్షణ అని ఎలా అనేది? (గోడకి చిల్లు లేకపోలేదు. ఇ5 గడిని కాసే బంటు ఉండదు, తెల్లగుర్రం వచ్చి తిష్ఠ వేస్తుంది. సి8 శకటు (బిషప్) సొంత బంట్ల వెనకే మగ్గుతుంది.)

నాకు తోచింది ఇది. పావు కదపడాన్ని మనం ఎత్తు అంటాం. 'పద్యం ఎత్తుకున్నాడు' అంటే మొదలుపెట్టాడని. కథ ఎత్తుగడ బాగుందంటే ఆరంభం బాగుందని. రాజకీయ నాయకుడి ఎత్తుగడ అంటే మాత్రం పన్నాగం. ఓపెనింగ్‌లో ఈ రెండూ ఉన్నాయి, మొదలూ ఉంది, పన్నాగమూ ఉంది. 'ప్రారంభం' అంటే రిబ్బన్ కత్తిరించినట్టుంటుంది. ఇక నల్లపావుల డిఫెన్స్‌కి 'పైఎత్తు' ఉండనే ఉంది.

వ్యాఖ్య: ఎత్తుగడ బాగుందండీ. ఇక్కడి కచేరీల్లో ఎడుప్పు అంటారు చూడండి, తాళంలో పాట అందుకునే చోటు. తమిళంలో ఎడు అంటే తీయడం, ఎత్తడం. ఊహ ఒకటే. పైఎత్తు దగ్గరే నాకు పేచీ. పైఎత్తు అంటే అవతలివాడి ఎత్తు చూశాక వేసేది. మీవాడు స్టోన్‌వాల్ ఇంట్లోనే తయారుచేసుకుని వెళ్తున్నాడు కదా?

నేను: తయారై వెళ్లినా, అవతలివాడు డి4తో, అంటే మంత్రి ముందున్న బంటుని రెండు గళ్లు జరిపి మొదలెడితేనే డచ్. ఇ4 ఆడినవాడికి ఎఫ్5 అని జవాబిస్తే బంటు ఊరికే పోతుంది. కాబట్టి చూశాకే వేస్తున్నాడు. కానీ నాలుగు బంట్ల అమరిక మొత్తాన్ని ఒక్క పైఎత్తు అనడం కొంచెం ఇరుకే, ఒప్పుకుంటాను.

వ్యాఖ్య: నల్లపావులంటే కాచుకోవడమే అనుకునేవాళ్లకి ఒక్క మాట. 2024 డిసెంబరులో సింగపూర్‌లో మన చెన్నై తెలుగింటి కుర్రాడు గుకేశ్ చివరి 14వ ఆట నల్లపావులతోనే గెలిచి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

వ్యాఖ్య: మా ఇంట్లో గొడవ ఓపెనింగ్‌ది కాదండీ, మంత్రిది. మనకి మంత్రి అంటే క్వీన్. తమిళంలో క్వీన్ రాణి, మందిరి అంటే బిషప్. మా అమ్మ "మంత్రిని జరపవే" అంటే మా పాప ఠక్కున శకటుని జరిపేసింది. ఆట పోయింది. ఇద్దరూ రెండు రోజులు మాట్లాడుకోలేదు.

నేను: ఇది మాకూ అయింది! ఇప్పుడు మా నాన్నగారు "పెద్ద మంత్రి", "చిన్న మంత్రి" అంటున్నారు. శకటు అనే మాట మనవడి నోటికి రావడం లేదట. ఇంతకీ క్యాస్లింగ్‌ని (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరపడాన్ని) మీ ఇళ్లలో ఏమంటారు? మావాడు 'కోట కట్టడం' అంటాడు, ఆయనేమో ఒకేసారి రెండు పావులు కదపడం దొంగాట అంటారు.