తెలుగు సైట్ రీడిజైన్: వత్తులు కింద తెగుతున్నాయి, ఫాంట్ మార్చాలా?

అచ్చుతప్పు (ప్రశ్న అడిగినవారి ఫోరమ్ పేరు): మా సైట్‌లో ఇంగ్లిష్‌కి ఇంటర్ ఫాంట్, తెలుగుకి మండలి ఫాంట్. బాడీ 16 పిక్సెళ్లు, లైన్-హైట్ (లైన్ల ఎత్తు) 1.3. కార్డుల హెడ్డింగుల్లో వత్తులు సగానికి తెగుతున్నాయి, బోల్డ్ అలుక్కుపోయినట్టుంది. వేరే ఫాంట్ చూడాలా?

వత్తుపొల్లు: రెండు వేర్వేరు జబ్బులండీ. తెగడానికి కారణం ఫాంట్ కాదు, ఆ 1.3. "రాష్ట్రం", "జ్యోత్స్న" లాంటి చోట ఒకే అక్షరానికి రెండేసి వత్తులు పడతాయి, పైన గుడి ఉంటే ఎత్తు ఇంకా పెరుగుతుంది. కార్డుకి ఓవర్‌ఫ్లో హిడెన్ (హద్దు దాటినదాన్ని దాచే సెట్టింగ్) పెట్టి ఉంటారు, బయటికొచ్చిందంతా కోతే. బాడీకి 1.6 నుంచి 1.75 ఇవ్వండి, హెడ్డింగుకి 1.4 కంటే తగ్గించొద్దు. ఇంగ్లిష్ పేజీలు వదులుగా అనిపించకుండా ఈ విలువలు లాంగ్ సెలెక్టర్‌తో (భాషను బట్టి రూలు పెట్టేది) తెలుగుకే రాయండి. పేజీ భాష ఏదో చెప్పే లాంగ్ యాట్రిబ్యూట్ పెట్టడం మర్చిపోతే ఆ రూలు పనిచేయదు.

లైన్-క్లాంప్ (ఇన్ని లైన్లే చూపించాలనే పరిమితి) ఉన్న కార్డులకి కింద 0.2 ఈఎమ్ (ఫాంట్ సైజులో ఐదో వంతు) ప్యాడింగ్ చాలు. ఎక్కువిస్తే దాచిన లైను తలకట్లు కింద తొంగిచూస్తాయి.

కొమ్ముదీర్ఘం: బోల్డ్ సంగతి: మండలికి ఉన్నది ఒక్క రెగ్యులరే. ఎన్‌టీఆర్, మల్లన్న కూడా అంతే. బోల్డ్ అడిగితే బ్రౌజరే గీతలు లావు చేసి ఇస్తుంది. ప, వలకి తేడా తలకట్టు దగ్గరి ఆ సన్నని సందే కదా, ముందు పూడేది అదే. ఫాంట్-సింథసిస్ నన్ (బ్రౌజర్ సొంతంగా రూపాలు తయారుచేయొద్దనే సెట్టింగ్) పెడితే ఈ దొంగ బోల్డ్, దొంగ ఇటాలిక్ రెండూ పోతాయి. నిజమైన బోల్డ్ కావాలంటే నోటో సాన్స్ తెలుగు (మందం 100 నుంచి 900) లేదా అనెక్ తెలుగు (100 నుంచి 800), రెండూ వేరియబుల్ (ఒకే ఫైల్‌లో అన్ని మందాలూ). ఎక్కువసేపు చదివే పేజీలకైతే నా ఓటు నోటోకే.

ఫాంట్-ఫ్యామిలీలో ఇంటర్ ముందు, తెలుగు తర్వాత. తిప్పి రాస్తే ఇంగ్లిష్ మాటలు, అంకెలు తెలుగు ఫాంట్‌లో ఉన్నవే వస్తాయి. ఇంగ్లిష్ పక్కన తెలుగు చిన్నగా కనిపిస్తే తెలుగు ఫాంట్ సైజు పెంచే సైజ్-అడ్జస్ట్ విలువ 105 నుంచి 110 శాతం మధ్య సరిచూసుకోండి.

అచ్చుతప్పు: 1.65 పెట్టాక తెగడం ఆగింది, థ్యాంక్స్. ఫైల్ బరువు తగ్గించడానికి సబ్‌సెట్ చేస్తే (అవసరమైన అక్షరాలే ఉంచితే) "క్క" విడిపోయి పొల్లు కనిపిస్తోంది.

వత్తుపొల్లు: మీ కన్వర్టర్ ఫాంట్‌లోని జీసబ్ (అక్షర రూపాలు మార్చే నియమాల) టేబుల్‌ని కొట్టేసింది. వత్తుల రూపాలు అందులోని నియమాలతోనే వస్తాయి. పైఎఫ్‌టీసబ్‌సెట్ అనే టూల్‌తో, లేఅవుట్ ఫీచర్లన్నీ ఉంచి, వాఫ్2 (వెబ్ ఫాంట్ ఫార్మాట్)గా మళ్లీ తీయండి. యూనికోడ్ రేంజ్‌లో 0సీ00–0సీ7ఎఫ్‌తో పాటు 200సీ, 200డీ (కనిపించని నాన్‌జాయినర్, జాయినర్ గుర్తులు) కూడా చేర్చండి. "సాఫ్ట్‌వేర్" సరిగ్గా పడాలంటే 200సీ కావాలి.

గుడిసున్నా: జస్టిఫై (రెండు అంచులూ సమం చేయడం) ఉంటే తీసేయండి. తెలుగు మాటలు పొడుగు, ఫోన్‌లో మాటల మధ్య గుంతలు పడతాయి. లెటర్-స్పేసింగ్ సున్నా. తేదీలు, క్యాప్షన్లకి డిజైనర్లు ఇష్టంగా వాడే 999 (రంగు కోడ్) బూడిదకి తెల్లటి మీద కాంట్రాస్ట్ 2.85 మాత్రమే, మామూలు అక్షరాలకి డబ్ల్యూసీఏజీ (వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణం) ఏఏ స్థాయి అడిగేది 4.5. కనీసం 767676 దాకా ముదురు చేయండి.