వైర్‌లెస్ ఛార్జర్ మీద ఫోను ఎందుకు వేడెక్కుతోంది?

ప్రశ్న:
వైర్‌లెస్ ఛార్జర్ మీద ఫోను పెట్టి పడుకుంటే, తెల్లవారేసరికి ఒక్కోరోజు బ్యాటరీ పూర్తిగా నిండుతోంది, ఒక్కోరోజు సగం దగ్గరే ఆగిపోతోంది. పైగా ఫోను వెనుక భాగం బాగా వేడెక్కుతోంది. ఛార్జర్ పెట్టె మీద 15 వాట్లు అని ఉంది. దాన్ని పాత ఫోనుతో వచ్చిన అడాప్టరుకు తగిలించాను. ఫోనుకు బ్యాక్ కవర్, దాని మీద వేలికి పట్టుకునే ఇనుప రింగు ఉన్నాయి. లోపం ఎక్కడ ఉంది? ఇలాగే కొనసాగితే బ్యాటరీ పాడవుతుందా?

జవాబు 1:
ముందుగా ఆ రింగు తీసేయండి. ఛార్జర్‌లోని రాగి తీగచుట్టలో ఏసీ కరెంటు ప్రవహించినప్పుడు పుట్టే అయస్కాంత క్షేత్రం, ఫోను లోపలి తీగచుట్టలో విద్యుత్తును పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. మధ్యలో ఇనుము అడ్డువస్తే అందులోనూ కరెంటు పుట్టి, ఇండక్షన్ స్టవ్ మీద గిన్నె కాగినట్టే అదీ కాగుతుంది. క్యూఐ (Qi) అనే వైర్‌లెస్ ఛార్జింగ్ ఉమ్మడి ప్రమాణం పాటించే ఛార్జర్లు ఇలాంటి పరాయి లోహాన్ని పసిగట్టి సరఫరాను ఆపేయగలవు కాబట్టి, ఛార్జింగ్ సగంలో ఆగడానికి అదే కారణం కావచ్చు.

జవాబు 2:
రింగు సంగతి సరే గానీ, ఒకరోజు నిండి మరొకరోజు నిండటం లేదంటే, ఫోను సరైన చోట కూర్చోవడం లేదనే నా అనుమానం. రెండు తీగచుట్టలు ఎదురెదురుగా లేకపోతే శక్తి వృథా అయి వేడిగా మారుతుంది. వైబ్రేషన్‌లో పెట్టిన ఫోను, మెసేజి వచ్చినప్పుడల్లా నున్నటి ఛార్జర్ మీద కొద్దికొద్దిగా పక్కకు జరుగుతుంది. ఈ ఇబ్బంది లేకుండా ఆపిల్ 2020లో ఐఫోన్ 12 వెనుక అయస్కాంతాల వలయం అమర్చింది. 2023లో ప్రకటించిన క్యూఐ2 ప్రమాణంలోనూ అదే పద్ధతి ఉంది. అడాప్టరు మీది సన్న అక్షరాలు కూడా ఒకసారి చదవండి. 5 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంటే అది ఇచ్చేది 5 వాట్లే, ఛార్జర్ పెట్టె మీద ఏమి రాసి ఉన్నా సరే.

ప్రశ్న అడిగినవారు:
అడాప్టరు మీద మీరు చెప్పిన అంకెలే ఉన్నాయండి. రింగు తీసేశాను. మరి బ్యాటరీ మాటేమిటి?

జవాబు 3:
లిథియం అయాన్ బ్యాటరీ వేడిలో త్వరగా ముసలిదవుతుంది. నిండా ఛార్జయి, ఆపైన వేడిగా కూడా ఉంటే ఇంకా నష్టం. సెట్టింగులలో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సదుపాయం చాలా ఫోన్లలో ఉంది, అది మీ ఫోనులో ఉంటే వాడుకోండి. ఎండాకాలంలో ఛార్జర్‌ను పరుపు మీద కాక, గాలి తగిలే బల్ల మీద ఉంచండి. అడాప్టరు విషయానికొస్తే, ఛార్జర్‌తో వచ్చిన కాగితంలో ఎన్ని వాట్లది కావాలని రాశారో చూసి అంతటిదే కొనండి. సాధారణంగా 15 వాట్ల ఛార్జర్‌కు 20 వాట్ల అడాప్టరు సరిపోతుంది. తొందరగా బయలుదేరాల్సిన రోజు మాత్రం కేబులే వాడండి.