సూర్యాస్తమయం తర్వాత శవపరీక్ష చేయకపోవడం మృతులకు గౌరవమా, అవమానమా?

కృష్ణాతీరం: తగిన వసతులున్న ఆసుపత్రుల్లో రాత్రివేళ కూడా శవపరీక్ష చేయవచ్చని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2021 నవంబరులోనే అనుమతించినా, మా జిల్లాలో సాయంత్రం దాటితే రేపు రమ్మంటున్నారు. రోడ్డు ప్రమాదంలో పోయిన మా బాబాయిని తెల్లవార్లూ పాడైపోయిన ఫ్రీజరు పక్కన నేల మీద పడుకోబెట్టారు.

ఫోరెన్సిక్ అధ్యాపకుడు: మీ బాధ సమంజసమే కానీ, శాంతిభద్రతల సమస్య తలెత్తితే తప్ప హత్య, ఆత్మహత్య, అత్యాచారం, అనుమానాస్పద మరణం, కుళ్లిన దేహం వంటివాటికి ఆ అనుమతి వర్తించదు. దీపాల వెలుతురులో కమిలిన గాయాల రంగు, కామెర్ల పసుపు ఛాయ సరిగా పోల్చుకోలేము.

వకీలు: ఆ జాబితాలో రోడ్డు ప్రమాదం లేదు.

కృష్ణాతీరం: అవే దీపాల కింద అర్ధరాత్రి ఆపరేషన్లు చేస్తున్నారు కదా!

ఫోరెన్సిక్ అధ్యాపకుడు: ఆపరేషన్‌లో ఏదైనా తప్పిపోతే రోగికి మళ్లీ చికిత్స చేయవచ్చు, దహనం చేసిన దేహానికి ఆ అవకాశం ఉండదు. 2019లో దిశ కేసు ఎన్‌కౌంటర్ మృతులు నలుగురికి ఎయిమ్స్ వైద్యులు రెండోసారి పోస్టుమార్టం చేయగలిగారంటే, హైకోర్టు ఆదేశాలతో ఆ దేహాలను గాంధీ ఆసుపత్రిలో భద్రపరిచారు కాబట్టే. ప్రమాదమని తెచ్చిన కేసు హత్యగా తేలిన సందర్భాలూ ఉంటాయి.

కృష్ణాతీరం: అంటే, మా బాబాయి మీకు సాక్ష్యమే తప్ప మనిషి కాడన్నమాట.

ఫోరెన్సిక్ అధ్యాపకుడు: ఆ మాట నేననలేదు. ఆయన ఎలా పోయారో కచ్చితంగా తేల్చడమే ఆయనకు నేను చేయగలిగిన మర్యాద.

మార్చురీ సహాయకుడి కొడుకు: ఇంతసేపూ వెలుతురు గురించే వాదిస్తున్నారు. చాలాచోట్ల కోసేదీ కుట్టేదీ మా నాన్నలాంటి సహాయకులే. డాక్టరుగారు దూరంగా నిలబడి రాసుకుంటారు. రాత్రికి వేరే మనిషిని నియమించకుండా అనుమతి మాత్రం ఇస్తే, పగలంతా పనిచేసిన ఆయననే మళ్లీ పిలుస్తారు. అలసిపోయిన చేతులతో వేసే కుట్లు ఎలా ఉంటాయో, స్నానం చేయించేటప్పుడు ఇంట్లోవాళ్లే చూస్తారు.

ఫోరెన్సిక్ అధ్యాపకుడు: నేను స్వయంగానే కోస్తాను. నియామకాలు, ఫ్రీజర్లు ఆసుపత్రి పాలకవర్గం చూడవలసినవి. వాటిని శాస్త్రానికి అంటగట్టకండి.

కృష్ణాతీరం: ఫ్రీజరు పనిచేయడం లేదని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఐసైనా మేమే తెచ్చుకునేవాళ్లం. ఆ చెప్పడం ఎవరి పని?

వకీలు: మరణించిన వ్యక్తి దేహానికీ రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద గౌరవం దక్కాలని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ఎవరి పని అన్నది మాత్రం ఏ ఆసుపత్రీ తేల్చదు.

మార్చురీ సహాయకుడి కొడుకు: అధ్యాపకులవారూ, కుట్లు సరిగా పడ్డాయో లేదో చూడటం కూడా పాలకవర్గం పనేనా?